కింగ్‌స్నేక్‌లను గుర్తుపట్టడం – 4వ పాఠం: డబ్బా మీది చీటీ చదవడం

పోయిన పాఠంలో కింగ్‌స్నేక్‌ల (అమెరికాలో జనం పెంచుకునే విషం లేని పాముల) పొలుసుల వరుసలు లెక్కపెట్టడం నేర్చుకున్నాం. ఈసారి పాము కన్నా ముందు మన కంటపడేదాన్ని చదువుదాం. అమెరికాలో పాములూ బల్లులూ అమ్మే ఏ రెప్టైల్ ఎక్స్‌పోకి వెళ్లినా బల్లల మీద చిన్న ప్లాస్టిక్ డబ్బాలు వరుసగా పేర్చి ఉంటాయి. ఒక్కోదాంట్లో పెన్సిలంత పాముపిల్ల, మూత మీద మార్కర్‌తో రాసిన ఒక్క లైను. ఉదాహరణకి ఇది:

1.0 డెసర్ట్ కాల్ కింగ్, హెట్ ఆల్బినో

అంకెతో మొదలుపెడదాం. చుక్కకు ముందున్నది మగవాటి లెక్క, తర్వాతది ఆడవాటి లెక్క. 1.0 అంటే ఒక మగది. 1.2 అంటే ఒక మగది, రెండు ఆడవి. 0.0.3 అని కనిపిస్తే, ఆడో మగో ఇంకా తేలని పిల్లలు మూడు. కాల్ కింగ్ అంటే కాలిఫోర్నియా కింగ్‌స్నేక్. హెట్ ఆల్బినో అంటే, ఒంట్లో నలుపు లేకుండా చేసే ఆల్బినో జన్యువు ఒక్క ప్రతి మాత్రమే ఉందని. అది ఒంటి మీద కనిపించదు, పిల్లల్లో బయటపడొచ్చు. ఇంతవరకు చిక్కేమీ లేదు. ఈ పాఠమంతా మిగిలిన ఆ ఒక్క మాట గురించే: డెసర్ట్, అంటే ఎడారి.

అది ఊరి పేరా, రంగు పేరా?

మొదట రెండు మాటలు ఖాయం చేసుకుందాం. తల నుంచి తోక దాకా నిలువుగా సాగేదాన్ని చార అందాం. ఒంటి చుట్టూ తిరిగేదాన్ని కట్టు అందాం. కట్లపాము అనే మన మాటలో ఉన్న కట్టే ఇది. ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ పాఠాన్ని మన ఊళ్లలో కనిపించే పాముల మీద ప్రయోగించకండి. కింగ్‌స్నేక్‌లు అమెరికా ఖండాలవి, విషం లేనివి. మన దగ్గర పొలం గట్టున నల్లని ఒంటి మీద తెల్లని కట్లతో పాము కనిపిస్తే దాన్ని కట్లపాము అనుకునే దూరం జరగాలి. దాని కాటుకు మనుషులు చచ్చిపోతారు.

కాల్ కింగ్‌లలో చారలవీ ఉన్నాయి, కట్లవీ ఉన్నాయి. చారల పాముకు 1835లో బ్లెయిన్‌విల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కాలిఫోర్నియే అని పేరు పెట్టాడు. కట్ల పాముకు 1853లో బెయిర్డ్, జిరార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బోయిలి అని వేరే పేరు పెట్టారు. చాలాకాలం వాటిని రెండు రకాలుగానే లెక్కేశారు. శాన్ డియేగోలో లారెన్స్ క్లాబర్ అని ఒకాయన ఉండేవాడు. వృత్తి కరెంటు కంపెనీలో ఇంజనీరు, ప్రాణమంతా పాముల మీదే. 1930లలో ఆయన గుడ్లు పొదిగించి చూస్తే, ఒకే తల్లి పెట్టిన గుడ్లలోంచి కొన్ని చారల పిల్లలు, కొన్ని కట్ల పిల్లలు బయటికొచ్చాయి. రెండు పేర్లతో పిలుస్తున్నవి తోబుట్టువులు! పాములు పెంచేవాళ్ల చరిత్రలో నాకు ఇంతకన్నా ఇష్టమైన ఘట్టం లేదు. ఒంటి మీది బొమ్మను చూసి వంశం చెప్పేయడం ఎంత తప్పో ఆ గుడ్లు తేల్చేశాయి.

అయితే ఊరికీ రంగుకూ సంబంధమే లేదా అంటే, ఉంది. చారల పాములు శాన్ డియేగో చుట్టుపక్కల తీరంలో బాగా కనిపిస్తాయి. ఎడారి వైపు దాదాపు అన్నీ కట్లవే, అదీ నల్లని నలుపు మీద తెల్లని తెలుపు. తీరంలో గోధుమరంగు మీద మీగడరంగు ఎక్కువ. అందుకే నలుపు తెలుపు పాముకు డెసర్ట్ అనీ, గోధుమ మీగడ పాముకు కోస్టల్ అనీ పేర్లు స్థిరపడ్డాయి. మొదట్లో అవి ఊరిని చెప్పాయి. పోనుపోను రంగును మాత్రమే చెప్పడం మొదలుపెట్టాయి.

ఈ తేడా తెలియక నేను చేసిన తప్పు చెబుతాను. కొన్నేళ్ల క్రితం డెసర్ట్ అని రాసున్న జత కొన్నాను. అవి ఎడారి పాములేననుకుని, వాటి పిల్లల్ని ఇచ్చేటప్పుడు చీటీల మీద మోహావీ ఎడారి అని నా చేత్తోనే రాశాను. తర్వాతెప్పుడో, తల్లిదండ్రులు ఏ ప్రాంతానివని అమ్మినాయన్ని అడిగాను. "ప్రాంతం మాకు తెలీదండీ, నలుపు తెలుపుగా ఉన్నాయి కదా, అందుకని డెసర్ట్ అన్నాం," అన్నాడు. ఆరు పిల్లల్ని తీసుకున్నవాళ్లకు ఫోన్లు చేసి ఆ మాట కొట్టేయమని చెప్పాను. నలుగురే దొరికారు. మిగతా రెండు పాములు ఇప్పటికీ నేను పెట్టిన అబద్ధపు ఊరిపేరుతో ఎక్కడో ఉన్నాయి. అవి పిల్లల్ని పెట్టి ఉంటే ఆ పేరు వాటికీ వెళ్లి ఉంటుంది.

ఊరి పేరును ఊరి పేరుగా రాయడం ఎలాగో టెక్సస్‌లో గ్రే-బ్యాండెడ్ కింగ్‌స్నేక్ పెంచేవాళ్ల దగ్గర నేర్చుకోవాలి. వీటికీ కాల్ కింగ్‌ల కథే జరిగింది. బూడిదరంగు మీద సన్నని నల్లకట్లున్నదానికి 1901లో ఆల్టర్నా అని పేరొచ్చింది. వెడల్పాటి నారింజ కట్లున్నదానికి 1950లో బ్లెయిరి అని వేరే పేరొచ్చింది. తర్వాత చూస్తే రెండూ ఒకే తల్లి గుడ్లలో వస్తున్నాయి. ఇప్పుడు జాతి పేరు ఆల్టర్నా ఒక్కటే. బ్లెయిరి అన్నది రూపం పేరుగా మిగిలింది. అక్కడివాళ్లు రాత్రిపూట రోడ్డు పక్క కొండకోతల వెంట లైట్లు పట్టుకుని ఈ పాముల్ని వెతుకుతారు. చీటీ మీద రోడ్డు పేరు రాస్తారు: రివర్ రోడ్, జూనో రోడ్, లాంగ్‌ట్రీ. రూపాన్ని పక్కన విడిగా రాస్తారు. "లాంగ్‌ట్రీ, బ్లెయిరి రూపం" అని ఉంటే అందులో రెండు సమాచారాలున్నాయి, ఒకటి రెండోదానికి సాక్ష్యం కాదు. లాంగ్‌ట్రీ వైపు బ్లెయిరి రూపం ఎక్కువే. అయినా బ్లెయిరి రూపం కనబడగానే లాంగ్‌ట్రీ అని రాయరు.

కొన్ని పేర్లు ఉత్త బొమ్మలు, వాటితో ఇబ్బంది లేదు. పొలుసు పొలుసుకీ పసుపు చుక్క ఉన్న స్పెకిల్డ్ కింగ్‌స్నేక్‌ను జనం ఉప్పు-మిరియాల పాము అంటారు. తూర్పు తీరపు నల్లపాము మీద గొలుసు అల్లినట్టుంటుంది కాబట్టి అది చెయిన్ కింగ్. జనం నోటి పేరంటే నాకు గౌరవం. కట్లపాముల ప్రజాతికి బుంగారస్ అన్న శాస్త్రనామం మన బంగారు పాములోంచే వచ్చింది. 18వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే పాముల శాస్త్రవేత్త ఇక్కడివాళ్లు పిలిచే పేరునే రాసుకున్నాడు.

ఇక రంగు చూడ్డం. కుబుసం విడవబోయే పాము రంగును నమ్మకండి. కళ్లు పాలరంగులోకి తిరిగి ఒళ్లంతా మసకబారుతుంది. విడిచిన మర్నాడు పగటి వెలుగులో చూడండి. నా దగ్గరున్న కోస్టల్ ఆడపామును అలా చూస్తే, దూరానికి శుభ్రంగా కనిపించే మీగడరంగు కట్టులో కూడా ప్రతి పొలుసు మొదట్లో గోధుమరంగు మరక ఉంటుంది, టీ ఒలికి ఆరినట్టు. దాని పక్క డబ్బాలోని నలుపు తెలుపు పాములో ఆ మరక లేదు. వయసు కూడా అడగండి. ఫ్లోరిడా కింగ్‌స్నేక్ పిల్లగా ఉన్నప్పుడు కట్లు స్పష్టంగా ఉంటాయి. పెరిగేకొద్దీ పొలుసులు లేతబడి ఆ కట్లు పసుపులో కలిసిపోతాయి. మెక్సికన్ బ్లాక్‌ది తిరగేసిన దారి: పిల్లప్పటి లేత చుక్కలు పోయి నిగనిగలాడే నలుపు మిగులుతుంది.

అభ్యాసం. ఈ మూడు చీటీల్లో ఏ మాట ఊరు, ఏది రూపం, ఏది జన్యువు, ఏది తేల్చలేమో నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీసి రాయండి. తేల్చలేని మాటకు ఎదురుగా, అమ్మేవాళ్లని అడగాల్సిన ప్రశ్న కూడా రాయండి.

0.1 కోస్టల్ కాల్ కింగ్, చార
1.1 ఆల్టర్నా, రివర్ రోడ్, తల్లిదండ్రులిద్దరూ అక్కడివే
0.0.4 శాన్ డియేగో కాల్ కింగ్, 66 శాతం హెట్ ఆల్బినో

మూడోదాంట్లో 66 ఎక్కణ్ణుంచి వచ్చిందో వచ్చే పాఠంలో లెక్కగట్టి చూద్దాం. ఒక చదరపు గడుల కాగితం దగ్గర పెట్టుకోండి.