వేడి లెక్కలు – 4వ భాగం: సున్నం తీర్చే బాకీ

పోయిన భాగంలో గుర్తులు నేర్చుకున్నాం. చర్య వేడిని వదిలితే ఉష్ణమోచకం, మైనస్. వేడిని తీసుకుంటే ఉష్ణగ్రాహకం, ప్లస్. ఈసారి వాటితో లెక్క కడదాం. సరుకు కోసం వెతకనక్కర్లేదు. ఇళ్లలో పరిచే కడప బండ సున్నపురాయి జాతిదే. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చిందీ ఆ రాయి కోసమే.

పండక్కి ముందు మా ఇంట్లో సున్నం తడిపే రోజు మా పిల్లలకు భయం, తమాషా రెండూ. అవ్వ కాగులో గడ్డలేసి నీళ్లు పోసేది. కింద పొయ్యి లేదు, మంట లేదు. కాసేపటికల్లా కుతకుత ఉడికేది. "దూరం జరగండ్రా, కంట్లో పడితే చూపు పోతాది" అని కసిరేది. ఆ మాట నిజం, కాబట్టి ఈ పాఠం కాగితం మీదే చేయండి.

ఆ వేడి బట్టీలోది. సున్నపురాయిని 900 డిగ్రీల దాకా కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి పొడి సున్నం, అంటే ఇంకా నీళ్లు తగలని సున్నం గడ్డ, మిగులుతుంది. దీనికి మోల్‌కు (పదార్థంలోని కణాలను లెక్కబెట్టే కొలత) 178 కిలోజౌళ్ల వేడి కావాలి: ప్లస్ 178. నీళ్లు పోస్తే అది తడి సున్నమై 65 వదులుతుంది: మైనస్ 65.

పొడి సున్నం మోల్ అంటే 56 గ్రాములు. కాగులో కిలో వేస్తే, 1000ని 56తో భాగించండి: 17.86 మోళ్లు. దాన్ని 65తో గుణిస్తే సుమారు 1,160 కిలోజౌళ్లు. లీటరు నీళ్లు 30 డిగ్రీల నుంచి 100కి రావాలంటే, డిగ్రీకి 4.18 కిలోజౌళ్ల చొప్పున 4.18 ఇంటూ 70, అంటే 293 చాలు. కిలో సున్నంలో దాదాపు నాలుగు లీటర్లను మరిగించేంత వేడి ఉందన్నమాట. కాగుకూ గాలికీ కొంత పోయినా, ఉడకడంలో వింతేముంది?

కానీ బట్టీ దగ్గర తెచ్చిన అప్పు 178. తీరింది 65. మిగతాది?

గోడ మీద. పూసిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని, నీటిని వదిలేసి, మళ్లీ సున్నపురాయి అవుతుంది. పలుచని పూత, నిదానంగా జరిగే పని, అందుకే చెయ్యి పెట్టినా వెచ్చగా తగలదు. థర్మామీటరుతో పట్టుకోవడం కష్టం. ఇక్కడే 1840లో రసాయన శాస్త్రవేత్త హెస్ చెప్పిన నియమం అక్కరకొస్తుంది: మొదలూ చివరా ఒకటే అయితే, ఏ దారిన పోయినా మొత్తం మారదు. మనం రాయితో మొదలై రాయి దగ్గరికే వచ్చాం, కాబట్టి మొత్తం సున్నా. 178లోంచి 65 తీసేస్తే 113. అంటే గోడ వంతు మైనస్ 113. గోడను కొలవకుండానే దొరికింది!

పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడ గుర్తు దగ్గరే. ముందు గుర్తు రాసుకుని, తర్వాతే అంకె వేయండి.

అభ్యాసం: రెండు లీటర్ల నీళ్లను 30 నుంచి 70 డిగ్రీలకు తేవాలంటే ఎన్ని గ్రాముల పొడి సున్నం కావాలి? నష్టాలు వదిలేయండి. 288 దగ్గర రావాలి. 20 దాటకపోతే మోళ్ల దగ్గరే ఆగిపోయారు, 56తో గుణించడం మరిచారు.