రెండర్ పెట్టగానే ఆగిపోయే సిస్టమ్: ఎస్‌ఎంపీఎస్ మార్చిన నా అనుభవం

పర్లాకిమిడిలో మా బావకి ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి వీడియోల ఎడిటింగ్ కోసం పాత సిస్టమ్‌లో ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు వేయించాడు. మామూలు పనులకి బాగానే నడిచేది. రెండర్ (ఎడిట్ చేసిన వీడియోని ఫైలుగా తయారుచేయడం) మొదలుపెడితే చాలు, టక్కున ఆగి మళ్లీ ఆన్ అయ్యేది. ముహూర్తాల సీజన్ కదా, బావకి ఒకటే టెన్షన్.

పక్క మూత విప్పి ఎస్‌ఎంపీఎస్, అంటే సిస్టమ్ లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే డబ్బా, దాని మీది స్టిక్కర్ చూశాను. పెద్ద అక్షరాల్లో 450 వాట్లు. కింద చిన్న గళ్లలో మాత్రం 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లే. రెండూ గుణిస్తే 192 వాట్లు. ఆ కార్డొక్కటే 170 వాట్ల దాకా లాగుతుంది, 65 వాట్ల ప్రాసెసర్ కూడా ఆ లైను మీదే. కొనేటప్పుడు అసలు చూడాల్సింది ఈ గడినే. పైగా కార్డుకి కావాల్సిన 8 పిన్నుల వైరు ఎస్‌ఎంపీఎస్‌కి లేక, మోలెక్స్ అనే పాతరకం 4 పిన్నుల ప్లగ్గు నుంచి మార్చే కన్వర్టర్ తగిలించారు. ముట్టుకుంటే వేడిగా ఉంది. దయచేసి ఎవరూ అలా చేయకండి, ప్లగ్గు కరిగిపోయే ప్రమాదం ఉంది.

ఈ కార్డు చిప్పు కంపెనీ ఎన్విడియా చెప్పేది 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. 12 వోల్టుల మీద 45 ఆంపియర్లిచ్చే, సొంత 8 పిన్నుల వైరున్న 550 వాట్లది బరంపురం నుంచి తెప్పించి బిగించాం. రాత్రంతా రెండర్ పెట్టినా ఆగలేదు.

ఇక పాత 600 వీఏ యూపీఎస్ సంగతి చూడాలి. అది ఇచ్చేది 360 వాట్లే.