చేతిలో తెర, గీతల్లో పాఠం – 3: బాణం ఎప్పుడు గీయాలి

క్రితం భాగంలో ఫోన్ మీద వేలితో పెట్టె, గుండ్రం, గీత తడబడకుండా గీయడం చూశాం. ఈసారి బాణం. చిన్న విషయమే కదా అనిపిస్తుంది గానీ బొమ్మల నోట్స్, అంటే పాఠం వింటూ బొమ్మలతో రాసుకునే నోట్స్, చెడేది ఎక్కువగా ఇక్కడే. కనిపించిన ప్రతి రెండు మాటల మధ్యా ఓ బాణం పెట్టేస్తారు, వారం తర్వాత తెరిచి చూస్తే అది ‘వెళ్తుంది’ అనా, ‘అందువల్ల’ అనా, ‘ఇందులో భాగం’ అనా రాసినవాళ్ళకే అర్థం కాదు.

మొదట ఫోన్ సంగతి. ఆటో రొటేట్ ఆపేయండి, స్క్రీన్ ఆరిపోయే సమయాన్ని 5 నిమిషాలకో 10 నిమిషాలకో పెంచండి, డేటా ఆపేయండి. శాంసంగ్ నోట్స్, వన్‌నోట్, ఏదైనా పర్లేదు, కొత్త యాప్ వెతుకుతూ కూర్చోకండి. బడి ఇచ్చిన ట్యాబ్ అయితే వేరే యాప్ వేసుకోనివ్వకపోవచ్చు, అందులో ఏది ఉంటే దానితోనే కానివ్వండి. కాలేజీలో ఫోనే వద్దంటే కాగితం మీద గీసి, ఇంటికొచ్చాక ఫొటో తీసి దాని మీద రంగులు వేసుకోవచ్చు. ఇంకొకటి, పాఠం మొదలయ్యే ముందే జూమ్ ఒకచోట స్థిరంగా పెట్టుకోండి. దగ్గరికి లాగి ఓ మాట, దూరం జరిపి ఇంకో మాట రాస్తే అక్షరాలు ఒకచోట చీమల్లా, ఇంకోచోట గుమ్మడికాయల్లా వస్తాయి.

ఇక అసలు పాఠం. పదో తరగతి జీవశాస్త్రంలో ద్వంద్వ ప్రసరణ, అంటే రక్తం ఒక చుట్టులో గుండె గుండా రెండుసార్లు వెళ్ళడం, తీసుకుందాం. గుండె బొమ్మను పుస్తకంలో ఉన్నట్టు గీయబోకండి, సార్ మూడు వాక్యాలు ముందుకెళ్ళిపోతారు. ఒక పెద్ద పెట్టె గీసి నాలుగు గదులు చేయండి: పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. పెట్టెకు పైన ‘ఊపిరితిత్తులు’, కింద ‘శరీరం’. ఇక్కడో మెలిక ఉంది. బొమ్మలో గుండె మనకు ఎదురుగా నిలబడ్డ మనిషిది, కాబట్టి కుడి కర్ణిక మన ఎడమ వైపు వస్తుంది. ముందే ‘కు’, ‘ఎ’ అని మూలల్లో రాసేసుకుంటే తర్వాత తికమక ఉండదు.

ఇప్పుడు వినండి. “శరీరం నుంచి వచ్చిన రక్తం కుడి కర్ణికలోకి చేరుతుంది.” తెలుగులో క్రియ చివర్లో వస్తుంది, అది మన అదృష్టం. ‘శరీరం’ వినగానే వేలు అక్కడ పెట్టండి, ‘కుడి కర్ణిక’ వినగానే ఆ గది చూసుకోండి, ‘చేరుతుంది’ అన్నాకే బాణం లాగండి. ఇలా కదలిక చెప్పే క్రియ వినబడకపోతే ఈ బాణం లేదు. “కర్ణిక గోడలు పలుచగా ఉంటాయి” అన్నారనుకోండి, అక్కడ ఏదీ ఎక్కడికీ వెళ్ళడం లేదు, మామూలు గీత గీసి పక్కన ‘పలుచన’ అని రాస్తే చాలు. కారణం చెబితే, అంటే “ఎడమ జఠరిక రక్తాన్ని శరీరమంతటికీ పంపాలి, అందుకే దాని గోడ మందం” అంటే, అక్కడ జంట గీతల బాణం వేయండి. ప్రయాణానికి ఒంటి బాణం, కారణానికి జంట బాణం, లక్షణానికి ఉత్త గీత. నేనైతే నాలుగో రకం పెట్టనివ్వను, ఎందుకంటే క్లాసు వేగంలో అంతకు మించి గుర్తుండదు.

రంగులు రెండే, ఆక్సిజన్ ఎక్కువున్న రక్తానికి ఎరుపు, తక్కువున్నదానికి నీలం. పుపుస ధమని దగ్గర చెయ్యి ఆగుతుంది చూడండి. ధమని అంటే ఎరుపు అని అలవాటు, కానీ ఊపిరితిత్తులకు వెళ్ళే ఈ ధమనికి నీలం, తిరిగొచ్చే పుపుస సిరలకు ఎరుపు వేయాలి. మాటల్లో రాసుకుంటే ఈ తిరకాసు కంట్లో పడకుండా పోతుంది, రంగు మార్చడానికి వేలు లేపాలి కాబట్టి బొమ్మలో తప్పించుకోలేం. అన్నీ కలిపితే దారి 8 అంకెలా తిరిగి గుండె దగ్గర రెండుసార్లు కలుస్తుంది, ద్వంద్వ ప్రసరణ అనేది దాన్నే.

పేర్లు పెట్టె లోపల రాయకండి. మన ఒత్తులు కిందికి దిగుతాయి, వేలితో రాస్తే పెట్టె చాలదు. ‘పు.ధ.’, ‘పు.సి.’ అని పక్కన రాసి, చోటు చాలకపోతే లాసోతో (రాసినదాన్ని చుట్టూ గీసి పట్టుకునే పనిముట్టు) చుట్టి జరపండి. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా నాకు కాగితం కన్నా తెరే ఇష్టం.

బోర్డు ఫొటో తీసుకోవచ్చా అంటే తీసుకోండి, అయితే పాఠం అయ్యాక, మీ బొమ్మ పూర్తయ్యాక, సరిచూసుకోవడానికి మాత్రమే. ముందే తీస్తే చెవి పనిచేయడం మానేస్తుంది.

ఈ వారం సాధన: పార్లమెంటులో బిల్లు చట్టంగా మారే దారి. లోక్‌సభలో ప్రవేశపెట్టిన మామూలు బిల్లు రాజ్యసభకు, అక్కడి నుంచి రాష్ట్రపతికి వెళ్తుంది. రాష్ట్రపతి దాన్ని మళ్ళీ పరిశీలించమని వెనక్కి పంపవచ్చు, అంటే ఒక బాణం వెనక్కి తిరగాలి. రెండు సభలూ మళ్ళీ ఆమోదిస్తే ఇక ఆమోదం నిరాకరించడానికి లేదు. పక్కనే ద్రవ్య బిల్లు (పన్నులు, ప్రభుత్వ ఖర్చుల లాంటి డబ్బు విషయాల బిల్లు) గీయండి. దాన్ని రాజ్యసభ 14 రోజుల్లో తిరిగి పంపాలి, రాష్ట్రపతి దగ్గర వెనక్కి బాణం ఉండదు. ఎవరి చేతనైనా గట్టిగా చదివించుకుని వింటూ గీయండి, మధ్యలో ఆపమనకండి. గీశాక బాణాల మీద క్రియలు రాయండి. క్రియ దొరకని బాణాన్ని చెరిపేయండి. ఆ పేజీ దాచి ఉంచండి, వచ్చే భాగంలో లేయర్లు దాని మీదే నేర్చుకుంటాం.