పెన్‌డ్రైవ్ తీసేసినా నడిచే లైనక్స్: ర్యామ్‌లోకి ఎక్కించడం ఎలా?

హనుమకొండలోనో కాజీపేటలోనో హార్డ్ డిస్క్ పాడై మూలకు చేరిన కంప్యూటర్ ఉంటే, దాన్ని పాత సామాను కింద అమ్మేసే ముందు ర్యామ్ (కంప్యూటర్ నడుస్తున్నంతసేపే సమాచారాన్ని పట్టి ఉంచే మెమరీ) ఎంత ఉందో చూడండి. హార్డ్ డిస్క్ లేకున్నా, లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌లోకి ఎక్కించి నడపవచ్చు. అందులో ఒక రకమైన లైనక్స్ మింట్ ఐఎస్‌ఓ ఫైలు (వ్యవస్థ మొత్తం ఇమిడి ఉండే ఫైలు) సుమారు 3 జీబీ ఉంటుంది. అదంతా ర్యామ్‌లోకి చేరగా మిగిలిన చోటులోనే బ్రౌజర్ నడవాలి కనుక 8 జీబీ ఉండటం మంచిది. 4 జీబీయే ఉంటే 2003లో బ్యారీ కౌలర్ ప్రారంభించిన పప్పీ లైనక్స్ అనే మరో రకం నయం. అది కొన్ని వందల ఎంబీలే ఉంటుంది, చోటుంటే తనంతట తానే ర్యామ్‌లోకి ఎక్కుతుంది.

మింట్‌ను ఎంచుకున్నవారు దాని అధికారిక సైటు నుంచి ఐఎస్‌ఓ దింపుకుని, చెక్‌సమ్ (ఫైలు చెడకుండా దిగిందో లేదో తేల్చే సంకేతం) సరిపోల్చి, విండోస్ ఉన్న మరో కంప్యూటర్‌లో రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌పైకి రాయాలి. పెన్‌డ్రైవ్‌లోని పాత ఫైళ్లన్నీ చెరిగిపోతాయి.

తరువాత దాన్ని గుచ్చి కంప్యూటర్ ఆన్ చేసి, కంప్యూటర్ దేని నుంచి మొదలవ్వాలో అడిగే బూట్ మెనూలో (దాన్ని తెరిచే మీట కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9 లేదా ఎస్కేప్) పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి. అసలు పని ఇక్కడే ఉంది. మింట్ మెనూ కనబడగానే ఎంటర్ నొక్కకుండా, మొదటి వరుస మీద ఉండగా 'ఇ' (e) అక్షరం నొక్కితే కొన్ని ఆదేశాలు తెరుచుకుంటాయి. 'లైనక్స్' అనే మాటతో మొదలయ్యే ఆదేశంలో, 'స్ప్లాష్' తరువాత ఒక ఖాళీ వదిలి, టి, ఓ, ఆర్, ఎ, ఎం అనే ఐదు ఇంగ్లిష్ చిన్నక్షరాలను కలిపి టైపు చేసి, మళ్లీ ఒక ఖాళీ ఉంచి ఎఫ్10 నొక్కండి.

ఫైళ్లు ర్యామ్‌లోకి చేరేంతవరకు తెర కొన్ని నిమిషాలు కదలకపోవచ్చు. ఆగిపోయిందనుకుని స్విచ్ కట్టేయవద్దు. డెస్క్‌టాప్ వచ్చి, పెన్‌డ్రైవ్ లైటు మిణుకుమనడం ఆగాక దాన్ని తీసేసి, అంతవరకు తెరవని, పత్రాలు రాసుకునే లిబ్రేఆఫీస్ రైటర్‌ను తెరవండి. అది తెరుచుకుంటే వ్యవస్థ మొత్తం ర్యామ్‌లోనే ఉన్నట్టు.

అయితే మీరు దాచుకునేవి కూడా ర్యామ్‌లోనే ఉంటాయి. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలకు ఆన్‌లైన్‌లో పెట్టే దోస్త్ దరఖాస్తు నింపి పీడీఎఫ్‌ను డౌన్‌లోడ్స్‌లో ఉంచితే, షట్‌డౌన్ చేసినా, గాలిదుమారానికి కరెంటు పోయినా అది మాయమవుతుంది కాబట్టి వెంటనే వేరే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి. హార్డ్ డిస్క్ బాగానే ఉన్న కంప్యూటర్ అయితే మాత్రం డెస్క్‌టాప్ మీది 'ఇన్‌స్టాల్ లైనక్స్ మింట్' గుర్తు జోలికి పోవద్దు. అది డిస్క్‌లోని సమాచారాన్ని తుడిచేయగలదు.