ఎమ్‌జీబీ: నల్ల బంపర్ తీసి క్రోమ్ బంపర్ బిగించాక వచ్చే తంటాలు

ఎమ్‌జీబీ బ్రిటన్‌లో తయారైన చిన్న స్పోర్ట్స్ కారు, మొదట్లో దానికి క్రోమ్ బంపర్లు ఉండేవి. 1974 సెప్టెంబరు నుంచి 1980లో ఉత్పత్తి ఆగేదాకా ఎమ్‌జీబీకి వచ్చిన నల్ల ‘రబ్బరు’ బంపర్ నిజానికి ఇనుప చట్రం మీద పోసిన పాలీయురేథేన్. అమెరికా నిబంధనల కోసం పెట్టారు. దానితోపాటు కారు ఎత్తు ఒకటిన్నర అంగుళం పెరిగింది, ముందు ఇండికేటర్లు బంపర్‌లోకి వెళ్లాయి, ఫెండర్ల (చక్రాల పైనుండే రేకుల) మూలలు మారాయి. కాబట్టి తంటా బంపర్ దగ్గర కంటే దాని చుట్టుపక్కలే ఎక్కువ.

పాత బోల్టులు కదలవు, తిప్పితే తెగుతున్నాయి
తుప్పే కారణం. ముందురోజు రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్ పట్టించి ఉంచండి. గ్యాస్ మంట మాత్రం వద్దు. పాలీయురేథేన్ అంటుకుంటే విషపు పొగ వస్తుంది. గ్రైండర్‌తో తల కోసేయడం మేలు. బంపర్ చాలా బరువు, కింద జాకీ పెట్టి ఇద్దరు పట్టుకోవాలి.

కొత్త బోల్టు రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది
5/16 యూఎన్ఎఫ్ (అంగుళాల కొలత) మరలోకి ఎం8 (మిల్లీమీటర్ల కొలత) బోల్టు ఎక్కించారన్నమాట. మందం దాదాపు ఒకటే, కానీ యూఎన్ఎఫ్‌కు అంగుళానికి 24 మరలు, మామూలు ఎం8కి సుమారు 20. బలవంతం చేస్తే మర పోతుంది. ట్యాప్‌తో (మరలు కోసే పనిముట్టుతో) మర శుభ్రం చేసి అంగుళాల బోల్టులే వాడండి.

బంపర్ ఒక పక్కకు వాలింది, సందు సమానంగా లేదు
రబ్బరు బంపర్ కారు ఛాసిస్ కొనలు వేరు. క్రోమ్ బంపర్ బ్రాకెట్ల రంధ్రాలు వాటికి సరిగ్గా కూర్చోవు. అట్టముక్కతో నమూనా తీసుకుని, రెండు పక్కలా నేల నుంచి ఎత్తు కొలిచాకే రంధ్రం వేయండి. అన్ని బోల్టులూ వదులుగా పెట్టి, వాషర్లతో సర్ది, చివర్లో ఒకేసారి బిగించాలి.

ఫెండర్ మూలల్లో ఖాళీ, లేదా పూడ్చిన చోట పగుళ్లు
ముందు ఫెండర్లు బోల్టులతో ఉంటాయి కాబట్టి, డబ్బు ఉంటే క్రోమ్ కాలపు ఫెండర్లు తెచ్చి మార్చేయడమే శుభ్రమైన పని. ఇండికేటర్ల చోటు కూడా దాంతోనే వస్తుంది. వెనకవి బాడీకి వెల్డింగ్ చేసినవి. అక్కడ రేకు ముక్క అతకక తప్పదు. పగిలిందంటే లోపల రేకు లేకుండా లప్పమే మందంగా నింపారని అర్థం. చుక్కలు చుక్కలుగా, చోటు మారుస్తూ వెల్డింగ్ చేయండి. లప్పం 2–3 మిల్లీమీటర్లు దాటకూడదు. పెట్రోల్ ట్యాంక్ డిక్కీ నేల కిందే ఉంది. దాన్ని దించి, బ్యాటరీ తీశాకే వెల్డింగ్ ముట్టుకోండి.

ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు కూడా మినుకుమంటోంది
రెండు ఫిలమెంట్ల బల్బుకు ఎర్త్ అందక, కరెంటు రెండో ఫిలమెంట్ గుండా దారి వెతుక్కుంటోంది. కొత్త పెయింటు మీద బిగించిన ల్యాంపులకు ఇది దాదాపు ఖాయం. నలుపు తీగను గీకి శుభ్రం చేసిన రేకుకు కలపండి. ఎరుపు పార్కింగ్‌కు, ఆకుపచ్చ–ఎరుపు ఎడమ ఇండికేటర్‌కు, ఆకుపచ్చ–తెలుపు కుడికి. అసలు మినుకుమనకుండా వెలిగే ఉంటే ఒక బల్బు పనిచేయడం లేదు, లేదా వాటేజీ తక్కువ. ఇండికేటర్లను మినుకుమనిపించే పాత థర్మల్ ఫ్లాషర్‌కు పూర్తి లోడ్ అందాలి, 21 వాట్ల బల్బులే వేయండి.

ముక్కు పైకి లేచింది, మలుపుల్లో బాడీ ఊగుతోంది
అందరూ మర్చిపోయేది ఇదే. బరువు తగ్గింది, పెంచిన ఎత్తు అలాగే ఉంది. క్రోమ్ బంపర్ కింద అంత ఖాళీ చూస్తే అరువు చక్రాలు వేసినట్టుంటుంది. ముందు పొట్టి కాయిల్ స్ప్రింగులు వేయండి. స్ప్రింగ్ పాన్‌ను (స్ప్రింగును కింద నుంచి పట్టి ఉంచే పళ్లేన్ని) జాకీతో, పొడవాటి బోల్టులతో మెల్లగా దించాలి. ఒక్కసారి వదిలితే ప్రాణాపాయం. ఉన్న స్ప్రింగును మంటతో కోయొద్దు, ఉక్కు పదును పోతుంది. క్రోమ్ కాలపు కారు క్రాస్‌మెంబర్ (ముందు సస్పెన్షన్‌ను మోసే అడ్డ దూలం) తెచ్చి వేద్దామనుకుంటే, స్టీరింగ్ ర్యాక్ కూర్చునే తీరు వేరు. స్టీరింగ్ కాలమ్ జాయింట్ కోణం తప్పి స్టీరింగ్ పట్టేస్తుంది. వెనక కమాన్లకు, ఇరుసుకు మధ్య ఒక అంగుళం బ్లాకులు, పొడవైన యూ–బోల్టులు చాలు. కమాను మధ్య పిన్ను బ్లాకు గుంటలో కూర్చుందో లేదో చూడండి. కొంత దూరం నడిపాక మళ్లీ బిగించండి. 1975, 76 మోడళ్లలో చాలావాటికి ముందు యాంటీ–రోల్ బార్ లేదు. 1977 నుంచి ముందూ వెనకా ఇచ్చారు. లేని బండికి ముందుది పెట్టిస్తే ఊగడం బాగా తగ్గుతుంది.

క్రోమ్ మీద కొద్ది నెలలకే తుప్పు చుక్కలు
తుప్పు తరచుగా పూత సరిగా పడని వెనక వైపు నుంచి మొదలవుతుంది. బిగించకముందే వెనక జింక్ ప్రైమర్, దాని మీద మైనం స్ప్రే కొట్టండి.

బంపర్ మార్చలేదు, బాడీ రంగు వేయిస్తే ఊడుతోంది
ఖర్చు తక్కువ దారి, కానీ తొందరపడితే పెయింటు పొరలుగా లేస్తుంది. ఏళ్లుగా రాసిన టైర్ పాలిష్‌లోని సిలికోన్ వల్ల పెయింటు చేపకళ్లలా గుంటలు పడుతుంది. డీగ్రీజర్‌తో రెండుసార్లు కడిగి, 400 నంబరు కాగితంతో తెల్లబారిన పొర పూర్తిగా తీసి, ప్లాస్టిక్ ప్రైమర్ వేయండి. పెయింటులో, పైన వేసే క్లియర్ పూతలో ఫ్లెక్స్ అడిటివ్ (పెయింటు వంగేలా చేసే మందు) డబ్బా మీద రాసిన పాళ్లలో కలపాలి. లేకపోతే మొదటి చిన్న ఒత్తుడుకే పగులుతుంది.