మంత్రుల ఖర్చు లెక్క అడగడం ఎలా

మా అనంతపురం టవర్ క్లాక్ దగ్గర టీ తాగుతూ ‘ఇంతమంది మంత్రులెందుకు’ అనే మాట రోజూ వింటాను. ముందు సంఖ్య తెలుసుకోండి. 2003లో వచ్చిన 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం ముఖ్యమంత్రితో కలిపి మంత్రుల సంఖ్య శాసనసభ సభ్యుల్లో 15 శాతం దాటకూడదు. మన ఆంధ్రప్రదేశ్ శాసనసభలోని 175 మందికి 26 మంది.

ఖర్చు వివరాల కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. తెల్లకాగితం, 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ చాలు. సచివాలయంలో సాధారణ పరిపాలన శాఖ పౌర సమాచార అధికారి పేరిట పంపండి.

నేను మొదట ‘మొత్తం ఖర్చెంత’ అని రాశాను. ‘అలా క్రోడీకరించిన సమాచారం లేదు’ అని ఒక్క ముక్కలో జవాబొచ్చింది. చాలా బాధేసింది. మీరు జీతం, ప్రయాణ భత్యం, వాహనాలు అని విడివిడిగా, ఏ సంవత్సరమో రాసి అడగండి. భద్రత ఖర్చు హోం శాఖను అడగాలి. పోస్టాఫీసు రసీదు జాగ్రత్త. 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే శాఖలో పై అధికారికి చేసే మొదటి అప్పీలుకు అదే ఆధారం.