ఇంటి రంగులు, 4వ పాఠం: బూడిద గోడ నీలమైపోయిందా?

పోయిన పాఠంలో ఓ మాట అన్నాను. ఏ రంగూ తోచకపోతే లేత బూడిద వేసేయండి, దేనితోనైనా కలిసిపోతుంది అని. నమ్మి వేయించుకున్నవాళ్లు నెల తిరక్కుండా ఫొటోలు పంపారు. అందరిదీ ఒకటే గోల: డబ్బాలో బూడిదే, గోడ మీద మాత్రం నీలం. ఒకావిడ డబ్బా మూత పట్టుకెళ్లి షాపులో గొడవ కూడా పెట్టుకున్నారట. తీరా చూస్తే మూత మీద కోడ్ సరిగ్గానే ఉంది.

షాపువాళ్ల తప్పు లేదు, పెయింటర్ తప్పూ లేదు. తప్పు నాది. మా ఇంట్లో తలుపులకు తెల్ల ఎనామిల్. వాటి మధ్య కూర్చుని రాశాను కాబట్టి నాకు బూడిద బూడిదలాగే కనిపించింది. ఫొటోలు పంపినవాళ్లలో దాదాపు అందరి ఇళ్లలోనూ తేనెరంగు పాలిష్ పెట్టిన టేకు తలుపులు, టేకు గుమ్మాలు. కర్టెన్ల సంగతి ఈసారి చెబుతానన్నాను గానీ ముందు ఈ గొడవ తేలాలి.

టేకును మనం 'చెక్క రంగు' అనేసి ఊరుకుంటాం. నిజానికి అది నారింజే. నలుపు కలిసి మట్టి పట్టినట్టున్న నారింజ. మన కంటికి ఓ గుణం ఉంది. ఒక రంగు గట్టిగా కనిపిస్తుంటే, దాని పక్కనున్నదానికి ఎదురు రంగు అంటగడుతుంది. నారింజకు ఎదురు నీలం. బూడిదకు సొంత రంగు దాదాపు లేనట్టే, కాబట్టి అంటగట్టిందల్లా పట్టుకుంటుంది. నమ్మకం కుదరకపోతే తెల్ల దుప్పటి ఒకటి తెచ్చి తలుపూ గుమ్మమూ మొత్తం కప్పేయండి. ఓ నిమిషం ఆగి గోడను చూడండి. దుప్పటి లాగేసి మళ్లీ చూడండి.

ఇది మన ఇళ్లలో పుట్టిన తగువు కాదు. పారిస్‌లో గోబెలిన్ అనే రాజుల కాలం నాటి నేతశాల ఉంది. 1824లో అక్కడి అద్దకం పనికి షెవ్రుల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా వచ్చాడు. నల్లదారం సరిగ్గా నల్లగా లేదని ఆయన దగ్గరికి ఫిర్యాదులు. పరీక్షిస్తే అద్దకంలో లోపమేమీ లేదు. ఆ నలుపును నీలం, ఊదా దారాల పక్కన నేయడం వల్ల వెలిసినట్టు కనబడుతోందంతే. ఆ పట్టున పదిహేనేళ్లు ఈ పక్క రంగుల సంగతే తవ్వి, 1839లో లావాటి పుస్తకం అచ్చు వేశాడు.

మా అమ్మమ్మకు షెవ్రుల్ తెలీదు గానీ నీలిమందు తెలుసు. సంక్రాంతికి ముందు వెల్ల వేసేటప్పుడు నీలిమందు పొడి గుడ్డలో మూటగట్టి, ఆ మూటను సున్నం బానలో ముంచి పిండేది. ఎక్కువైతే గోడ కాస్త నీలంగా తేలేది, అయినా ఎవరూ గొడవ పెట్టుకునేవాళ్లు కాదు. సున్నంలోని పసుపు ఛాయను నీలం చంపేస్తుంది కాబట్టి గోడ మల్లెపువ్వులా ఉండేది. మండువాలో ఆ గోడల ముందు నాలుగు టేకు స్తంభాలు ఆముదం రాసినట్టు నిగనిగలాడేవి. చెక్క గోడను నీలంవైపు తోస్తే, గోడ చెక్కను నారింజవైపు తోస్తుంది. కాబట్టి మీ గోడ నీలంగా ఉన్నందుకు తలుపు ఇంకాస్త అందంగా కనిపిస్తూ ఉండొచ్చు. ఒకసారి ఆ కళ్లతో చూడండి. నచ్చితే అలాగే ఉంచేయండి.

నచ్చకపోతే వెంటనే పెయింటర్‌ను పిలవకండి. ముందు బల్బు పెట్టె చూడండి. వెలుతురు రంగు చెప్పే అంకె ఒకటి దాని మీద ఉంటుంది. 6500కె అని ఉంటే అది తెల్లటి, నీలం కలిసిన వెలుతురు. పసుపు వెలుతురిచ్చే 3000కె తెచ్చి పెట్టండి. పగలు తేడా రాదు గానీ, హాల్లో మీరు కూర్చునేది ఎక్కువగా రాత్రిపూటేగా. దాంతోనూ కుదరకపోతే అప్పుడు మళ్లీ రంగు. ఈసారి పసుపో మట్టిరంగో కాస్త కలిసిన బూడిద తీసుకోండి. షేడ్ కార్డులో లేత బూడిదలన్నీ ఒకేలా కనబడతాయి, అందుకే నేను లేతవాటిని చూడను. అదే పట్టీలో అట్టడుగునున్న ముదురు రంగు చూస్తాను. అక్కడ నీలం ఉంటే పైన లేతదాంట్లోనూ నీలమే దాక్కుని ఉంటుంది. అక్కడ మట్టి రంగు ఉంటే టేకు పక్కన నిలబడుతుంది.

ఇక నాకు చిరాకు తెప్పించే పని ఒకటుంది. పాత గోడ మీదే కొత్త రంగు అరచేతంత మేర పూయించి, నాలుగడుగులు వెనక్కి వేసి, 'బాగుంది, కానివ్వండి' అనడం. పంపిన ఫొటోల్లో సగం ఇలా మొదలైనవే. పాత గోడ పిస్తా రంగు అనుకోండి. దాని మధ్యలో క్రీమ్ పూస్తే, ఆకుపచ్చ పక్కనుంది కాబట్టి క్రీమ్‌కు గులాబీ ఛాయ వస్తుంది. అబ్బ ఎంత బాగుందో అనుకుంటారు. గది మొత్తం వేశాక పిస్తా పోతుంది, దాంతోపాటు గులాబీ కూడా పోతుంది. మిగిలేది వట్టి పసుపు. పాత గోడ గులాబీదైతే అదే క్రీమ్ ఆకుపచ్చ ఛాయలో కనిపిస్తుంది. పాతది మెరూన్ అయితే ఏ లేత రంగైనా సున్నంలా ఉంటుంది, అందుకని ఇంకా ముదురు కావాలంటారు. పాతది తెలుపైతే ప్రతిదీ ముదురుగా తోస్తుంది, మరీ లేతది ఎంచుకుంటారు. పైగా ఎమల్షన్ తడిమీద పాలలా ఉండి, ఆరాక ఓ పిసరు ముదురుతుంది. ఒక్క కోటుకు కింది రంగు తొంగిచూస్తూనే ఉంటుంది. ఇన్నిటి మధ్య, తలుపుకు పదడుగుల దూరంలో పూసిన ముద్దను చూసి మీరు ఏం తేల్చగలరు?

పిల్లల ప్రాజెక్టులకు కొనే తెల్ల చార్టు తెచ్చి అట్టకు అంటించండి. రెండు కోట్లు వేయండి. మూడు పక్కలా రెండంగుళాల తెల్ల అంచు వదిలేసి, నాలుగో పక్క మాత్రం అంచుదాకా పూయండి. ఆ పక్కను గుమ్మం చెక్కకు ఆనించి చూడాలి. చార్టు మీద నచ్చిన రంగు నాలుగు గోడలకూ పడ్డాక ఒకదాని రంగు ఒకదాని మీద పడి ఇంకాస్త చిక్కబడుతుంది. అందుకే నేను షాపులో అదే కోడ్‌కు తెల్ల బేస్‌లో కలిపే రంగు సగమే వేసి ఇమ్మంటాను. విసుక్కుంటారు, కానీ ఇస్తారు.

మిగతా కలపల్లో రోజ్‌వుడ్, వేప ఎరుపు వైపు ఉంటాయి, వాటి పక్కన గోడ ఆకుపచ్చవైపు జారుతుంది. సన్‌మైకాది అచ్చు వేసిన చెక్కే అయినా లెక్క ఇదే. కొత్త టేకు కోసినప్పుడు చారలు చారలుగా ఉండి, వెలుతురు తగిలేకొద్దీ బంగారు రంగుకు వస్తుంది. కాబట్టి పాలిష్ అయ్యాకే గోడ రంగు తేల్చుకోండి.

కుర్చీలకూ బీరువాకూ తెల్లరంగు వేసుకున్నవాళ్ల ఫిర్యాదు వేరు: పసుపెక్కింది. అది ఆయిల్ ఎనామిల్ గుణం. చీకట్లో ఇంకా త్వరగా పసుపెక్కుతుంది, బీరువా తలుపు లోపలి వైపు చూస్తే తెలుస్తుంది. నీళ్లతో కలిపే ఎనామిల్ వాడితే ఈ బాధ లేదు. తెలుపు కింద నుంచి గోధుమ మరకలు ఊరుతుంటే, ముందు లక్క పాలిష్ ఒక కోటు కొట్టి ఆరాక రంగు వేయండి. అసలు మంచి టేకు మీద తెల్లరంగు వేస్తామనేవాళ్లతో నాకు పడదు. మామిడి చెక్కో ప్లైవుడ్డో అయితే మీ ఇష్టం.

అభ్యాసం. నాలుగు చార్టులు చేయండి: మామూలు బూడిద, మట్టి కలిసిన బూడిద, క్రీమ్, మీకు నచ్చినదొకటి. ఒకే గుమ్మానికి ఒక్కోటీ ఆనించి పొద్దున ఎనిమిదింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి లైట్లు వేశాక చూడండి. మూడు రోజులు. ప్రతిసారీ ఆ రంగు ఏ వైపు జారిందో ఒక్క మాటలో రాయండి: నీలం, పచ్చ, గులాబీ, పసుపు. మొత్తం ముప్పయ్యారు మాటలు. 'బాగుంది' అని రాస్తే లెక్కలోకి రాదు. పడమటి కిటికీ ఉన్న గదిలో మధ్యాహ్నం మాటకూ పొద్దున మాటకూ పొంతన కుదరదు. కంగారు పడకండి, రెండూ రాయండి.

పెయింటర్‌కు అడ్వాన్స్ ఇచ్చేసి, అతను గుమ్మంలో నిలబడి ఉంటే, ఈ మూడు రోజులూ లప్పం పని చేయించండి. అది ఆరడానికి ఎలాగూ టైమ్ కావాలి.